బంతికి ఉన్నపాటి న్యాయం ప్రేక్షకుడికి లేదా?

జూన్ 19, 2009

యునైటెడ్ స్టేట్స్ గోల్ఫ్ అసోసియేషన్ పెద్దలకు,
ఫార్ హిల్స్, న్యూజెర్సీ.



నిన్న బెత్‌పేజ్ బ్లాక్ కోర్సులో యుఎస్ ఓపెన్ ఉదయం 7 గంటలకు మొదలై 10 గంటల 16 నిమిషాలకు ఆగిపోయింది. మధ్యాహ్నం దాకా చూసి, ఇక ఈ రోజుకు ఆట లేదన్నారు. ఒక్క ఆటగాడు కూడా రౌండ్ పూర్తి చేయలేదు. అంతవరకు మీ మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. వానకు ఫెయిర్‌వేల మీద మడుగులు కట్టాయి. గ్రీన్ల మీది నీళ్లను మీ మనుషులు రబ్బరు కర్రలతో ఒకవైపు నెడుతుంటే ఇంకోవైపు నిండాయి. అలాంటి చోట బంతిని దొర్లించమనడం అన్యాయమే. ఆపారు, మంచి పని చేశారు.

ఆ తర్వాత చేసిన పని గురించే ఈ ఉత్తరం.

గురువారం టికెట్ గురువారానికే చెల్లుతుందన్నారు. శుక్రవారం గేటు దగ్గరికి వస్తే పనికిరాదన్నారు. డబ్బు వాపసు లేదు, మరో రోజుకు మార్పు లేదు. ఎందుకయ్యా అంటే టికెట్ మీద రాసే ఉంది కదా అన్నారు. నెలల ముందే 100 డాలర్లు కట్టి, ఆఫీసుకు సెలవు పెట్టి, తెల్లవారకముందే లాంగ్ ఐలాండ్ రైలెక్కి ఫార్మింగ్‌డేల్‌లో దిగి, షటిల్ బస్సు కోసం వానలో నిలబడి, సెల్‌ఫోన్లు లోపలికి తేకూడదన్న మీ నిబంధనకు కూడా తలొగ్గి లోపలికొచ్చిన మనిషికి మీరు ఇచ్చిన జవాబు ఇది. వచ్చారు, తడిశారు, వెళ్లండి.

నేను గురువారం టికెట్ కొన్నవాణ్ణి కాదు. మీ ఆఫీసు ఉన్న న్యూజెర్సీలోనే ఉంటూ, ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఆట చూసేవాణ్ణి. నాకు పోయిందేమీ లేదు. కానీ నిన్న మధ్యాహ్నం ఆ ప్రకటన విన్నప్పటి నుంచి మనసు కుదుటపడలేదు.

ఇవాళ మాట మార్చారు. జనం తిట్టారు, పత్రికలు ఏకిపారేశాయి, టీవీల్లో మీ మాటలే తిప్పి తిప్పి వేశారు. అప్పుడు గానీ టికెట్ మీద రాసినదాన్ని మళ్లీ చదువుకోవాలనిపించలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీరు అడిగినా పెట్టలేదు, అరిస్తే పెట్టారు. సరే, పెట్టిందైనా ఏమిటి? ఆట సోమవారానికి వెళితే గురువారం టికెట్‌తో సోమవారం రావచ్చు. ఆదివారంతో ముగిసిపోతే సగం డబ్బు వెనక్కిస్తారు.

ఈ లెక్క ఎవరు కట్టారో తెలుసుకోవాలని ఉంది. ఇప్పుడు గురువారం టికెట్ చేతిలో ఉన్నవాడు దేవుణ్ణి ఏమని మొక్కుకోవాలి? ఎండ కాయమని మొక్కితే 50 డాలర్లు వస్తాయి గానీ ఆట దొరకదు. వాన పడమని మొక్కితే ఆట దొరుకుతుందేమో గానీ డబ్బు రాదు. ఆ ఆటైనా సోమవారం! ఒకసారి సెలవు పెట్టి వచ్చి తడిసి వెళ్లినవాడికి ఇంకో సెలవు ఎవరిస్తారు? ఈ ఏడాది ఉద్యోగాలు ఎలా ఊడుతున్నాయో మీకు తెలియదా? మా ఎడిసన్ చుట్టుపక్కల తెలుగు కుర్రాళ్లు ప్రాజెక్టు ఉంటుందో ఊడుతుందో తెలియక శుక్రవారం సాయంత్రం వచ్చే మెయిల్ తెరవడానికి భయపడుతున్నారు. వాళ్లలో ఎవరైనా మేనేజర్ దగ్గరికెళ్లి, మొన్న గోల్ఫ్‌కి వెళ్తే వానొచ్చింది, మళ్లీ సోమవారం సెలవు కావాలని అడగగలరా?

సోమవారం అన్నది మీకు కొత్తేమీ కాదు. ఆదివారం ఇద్దరు సమానంగా నిలిస్తే సోమవారం 18 హోల్స్ ఆడించడం ఈ 2009లోనూ మీ సంప్రదాయం. నిరుడు టోరీ పైన్స్‌లో టైగర్ వుడ్స్, రోకో మీడియేట్ సోమవారం 18 హోల్స్ ఆడి, అప్పటికీ తేలక ఇంకో హోల్ ఆడితే గానీ విజేత తేలలేదు. 1983లో ఓక్‌మాంట్‌లో తుఫాను గాలివాన వచ్చి ఓపెన్ సోమవారమే ముగిసింది. అంటే ఆటగాళ్ల కోసం, టీవీ కోసం, కప్పు కోసం ఒక రోజు ఎప్పుడూ మీ దగ్గర రిజర్వులో ఉంటుంది. టికెట్ కొన్నవాడి కోసం ఏముంది? ఒక చిన్న అక్షరాల వాక్యం.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మా పెద్దలు అనేవారు. ఈ వాన సంగతి మాత్రం అందరికీ తెలుసు. ఈ జూన్ మొదలైనప్పటి నుంచి న్యూయార్క్‌కు ముసురు వదల్లేదు. గురువారం కుండపోత తప్పదని వాతావరణం వాళ్లు ముందే చెప్పారు. మీకు తెలియక కాదు. తెలిసి కూడా, వస్తే ఏం చేయాలో ఆటగాళ్లకు చెప్పారు, మార్షళ్లకు చెప్పారు, ఛానళ్లకు చెప్పారు. జనానికి చెప్పాల్సింది మాత్రం వాన వెలిశాక ఆలోచించారు.

ఆటగాళ్ల లెక్క చూడండి. మీ పోటీలో 156 మంది. సగం మంది పొద్దున, సగం మంది మధ్యాహ్నం. పొద్దున వంతు వచ్చిన 78 మందిలో టైగర్ ఉన్నాడు, హ్యారింగ్టన్ ఉన్నాడు, ఏప్రిల్‌లో మాస్టర్స్ గెలిచిన కబ్రేరా ఉన్నాడు. ముగ్గురూ ఒకే జట్టుగా బయల్దేరి సగం రౌండ్ కూడా కాకముందే నానిపోయి వెనక్కి వచ్చారు. మధ్యాహ్నం వంతు వచ్చిన మికెల్సన్ లాంటి వాళ్లకు తడవాల్సిన పనే పడలేదు. ఇది అదృష్టం, ఇందులో మీ తప్పు లేదు, ఆటగాళ్లు కూడా గొణుక్కుని ఊరుకుంటారు. కానీ టైగర్‌కు మిగిలిపోయిన హోల్స్ ఎక్కడికీ పోలేదు. ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి శుక్రవారం మొదలుపెట్టాడు. గురువారం ఆట శుక్రవారం జరిగింది. దాన్ని శుక్రవారం టికెట్ కొన్నవాళ్లు చూశారు. దానికోసం డబ్బు కట్టిన గురువారం వాళ్లు మాత్రం ఇంట్లో బూట్లు ఆరబెట్టుకున్నారు. ఆటను మర్నాటికి జరపగలిగినవాళ్లకు, దానికి కట్టిన టికెట్‌ను జరపడం ఎందుకు చేతకాలేదు?

స్థలం చాలదంటారేమో. రెండు రోజుల జనాన్ని ఒకే రోజు లోపలికి తోస్తే తొక్కిసలాట అంటారేమో. ఒప్పుకుంటాను. అయితే మొదటి రోజే పూర్తి డబ్బు ఇచ్చేస్తామని ఎందుకనలేదు? మూడు గంటల పైచిలుకు ఆట జరిగింది కదా అని కూడా అంటారని తెలుసు. వింబుల్డన్ వాళ్లను చూడండి. కోర్టులో గంట లోపు ఆట జరిగితే పూర్తి డబ్బు, రెండు గంటల లోపైతే సగం. ఆ లెక్కన నిన్నటివాళ్లకు ఏమీ రాకపోయేదని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. కానీ అక్కడ ఒక గీత ఉంది, అది ముందే గీసి ఉంది, కొనేవాడికి కనబడుతుంది. మీ నిబంధనలో గీతే లేదు. మూడు గంటలు ఆడినా, మూడు నిమిషాలు ఆడినా, అసలు ఒక్క బంతి కదలకపోయినా ఒకటే మాట. ఇదే న్యూయార్క్‌లో బేస్‌బాల్ చూసే జనానికి, ఐదు ఇన్నింగ్స్ కాకముందే వానొచ్చి ఆట రద్దయితే మళ్లీ రావచ్చని చిన్నప్పటి నుంచి తెలుసు. వాళ్ల ఊరికొచ్చి, వాళ్లకు వాన సంగతి నేర్పబోయారు.

అసలు బెత్‌పేజ్‌ను మీరు ఎందుకు ఎంచుకున్నారో మర్చిపోయారా? మా విశాఖలోనైనా హైదరాబాద్‌లోనైనా గోల్ఫ్ అంటే గోడ అవతలి ఆట. అమెరికాలో కూడా యుఎస్ ఓపెన్ తరాల తరబడి ఓక్‌మాంట్, వింగ్డ్ ఫుట్ లాంటి సంపన్నుల క్లబ్బుల్లోనే ఎక్కువగా తిరిగింది. 2002లో మొదటిసారి రాష్ట్ర ప్రభుత్వ పార్కులోని, ఎవరైనా డబ్బు కట్టి ఆడుకోగల మైదానంలోకి తెచ్చారు. అప్పుడు ఎంత గొప్పగా చెప్పుకున్నారు! టిల్లింగ్‌హాస్ట్ రూపొందించాడని చెప్పే ఆ బ్లాక్ కోర్సులో ఆడటానికి జనం ముందు రాత్రే వచ్చి పార్కింగ్‌లో కార్లలో పడుకుంటారు. బాగా ఆడటం వచ్చినవాళ్లే దిగండని మొదటి టీ దగ్గర బోర్డు పెట్టినా వెనక్కి తగ్గరు. మెకానిక్కులు, టీచర్లు, ఫైర్‌మెన్లు, మా సాఫ్ట్‌వేర్ వాళ్లు. ఈ జనాన్ని చూపించి మీరు ఏడేళ్లుగా పేరు తెచ్చుకున్నారు. ఇప్పుడు అదే జనం జేబు దగ్గరికొచ్చేసరికి గోడ మళ్లీ లేచింది.

పాత సంగతులు తవ్వకూడదనే అనుకున్నాను. కానీ 2002లో ఇదే చోట శుక్రవారం వానలో ఆట ఆపకుండా సాగించినప్పుడు, టైగర్ ఆడుతుంటే ఆపేవారే కదా అని ఆటగాడు గార్సియా విలేకరుల ముందే అన్నాడు. 2004లో ఇదే లాంగ్ ఐలాండ్‌లో, షిన్నెకాక్‌లో, గ్రీన్లను ఎండగట్టి ఎండగట్టి చివరి రోజున జట్టుకూ జట్టుకూ మధ్య ఏడో గ్రీన్ మీద నీళ్లు చల్లాల్సి వచ్చింది. ఒకసారి నీళ్లు లేక, ఒకసారి నీళ్లు ఎక్కువై, ప్రతిసారీ ముందు మొండికేసి తర్వాత సర్దుకోవడం. 1991లో హేజెల్‌టిన్‌లో పిడుగు పడి ఒక ప్రేక్షకుడు చనిపోయాక గానీ తాళ్ల అవతల నిలబడేవాళ్ల ప్రాణాల గురించి అందరూ గట్టిగా ఆలోచించలేదు. డబ్బు సంగతి అంత పెద్దది కాదు, నాకు తెలుసు. పద్ధతి మాత్రం అదే.

మీరు లాభాపేక్ష లేని సంస్థ అంటారు. ఈ వారం 7.5 మిలియన్ డాలర్లు ఆటగాళ్లకు పంచుతున్నారు. సంతోషం. టీవీ వాళ్లు డబ్బు కడతారు, గుడారాలు వేసుకున్న కంపెనీలు డబ్బు కడతాయి. వాళ్లందరికీ కాగితాలున్నాయి, లాయర్లున్నారు. ఇంతమందిలో వాన నష్టం భరించే స్తోమత ఎవరికి అందరికంటే తక్కువో వాడి నెత్తినే మొత్తం నష్టం ఎలా పడింది? మీలో ఒక్కరైనా, నిన్న ఆ ప్రకటన చేసే ముందు, ఇది బాగుండదేమో అనలేదా? అన్నవాళ్లుంటే ఎందుకు ఊరుకున్నారు? ఒక్క రాత్రిలో మార్చగలిగింది ఒక గంట ముందు ఎందుకు మార్చలేకపోయారు? సగమే అని ఎలా తేల్చారు? 60 ఎందుకు కాదు, 100 ఎందుకు కాదు? ఎక్కడో ఒహాయో నుంచి విమానమెక్కి వచ్చి శుక్రవారమే తిరిగి వెళ్లిపోయినవాడి సోమవారం ఎవరికి ఇస్తారు?

గోల్ఫ్ నియమాలు రాసేవాళ్లలో మీరూ ఉన్నారు. ఈ 2009 నాటి మీ పుస్తకంలో 34 రూల్స్ ఉన్నాయి. 25వ రూల్ నాకు చాలా ఇష్టం. వాన నీళ్లు నిలిచిన చోట బంతి పడితే అది ఆటగాడి తప్పు కాదు కాబట్టి, పెనాల్టీ లేకుండా తీసి పొడి చోట వేసుకోవచ్చు. ఎంత దూరంలో వేయాలి, గ్రీన్ మీదైతే ఎలా, బంకర్‌లో అయితే ఎలా, అన్నీ కొలిచి మరీ రాశారు. మీ ఓపెన్‌లో బురద అంటిన బంతిని ఫెయిర్‌వే మీద తుడుచుకోనివ్వరు గానీ, నిలిచిన నీళ్ల నుంచి మాత్రం తప్పిస్తారు. ఎందుకంటే న్యాయం అలా ఉండాలని మీకు తెలుసు. 46 గ్రాముల బంతి వానలో చిక్కుకుంటే ఇంత ఆలోచించినవాళ్లు, మనిషి వానలో చిక్కుకుంటే ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు.

నేను ఫలానాది చేయండని చెప్పడానికి రాలేదు. పూర్తి డబ్బు ఇస్తారో, వచ్చే ఏడాది పెబుల్ బీచ్‌కు రమ్మంటారో, ఇంకేదైనా ఆలోచిస్తారో మీ ఇష్టం. కాస్త మనుషుల్లా ఆలోచించండి, అదీ ఎవరూ అరవకముందే. సగం ఇచ్చాం కదా అని చేతులు దులుపుకోవద్దు. ఆ సగం కూడా మీరు ఇవ్వలేదు, జనం లాక్కున్నారు.

ఇంకొక్క మాట. శనివారం కూడా వాన ఉందంటున్నారు. శనివారం టికెట్ కొన్నవాళ్లు ఇంకా ఇళ్ల దగ్గరే ఉన్నారు. వాళ్లకు ఏం చెప్పబోతున్నారో, వాళ్లు రైలెక్కకముందే చెబుతారా?

ఇట్లు,
న్యూజెర్సీలో ఉంటున్న ఒక తెలుగు గోల్ఫ్ అభిమాని