మోకాలి నొప్పి: ఎం.ఆర్.ఐ. ఎవరికి, ఎప్పుడు?

గత చలికాలంలో ములుగులోని మా ఖాలా ఇంటికి వెళ్లినప్పుడు ఆమె ఒక పెద్ద కవరు తెచ్చి మా చేతికిచ్చారు. "ఇందులో ఏముందో చదివి చెప్పు బేటా, నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు" అన్నారు. కవరులో మోకాలి ఎం.ఆర్.ఐ. ఫిల్ములు, రెండు పేజీల రిపోర్టు ఉన్నాయి. ఆమె వయస్సు 62 ఏళ్లు. యవ్వనమంతా పొలంలో నాట్లు వేసి, మిరప ఏరి, నేలమీద కూర్చుని రొట్టెలు కాల్చిన మనిషి. మూడేళ్లుగా మోకాళ్ల నొప్పి. సజ్దా నుండి లేవాలంటే గోడ ఆసరా కావాలి. ఎవరో చెప్పగా నేరుగా స్కానింగ్ చేయించుకున్నారు. రిపోర్టులో "మెనిస్కస్ చిరిగింది" అని ఉంది. వెంటనే ఆపరేషన్ చేయించకపోతే కాలు పనికిరాకుండా పోతుందని ఒకచోట భయపెట్టారు. ఉమ్రా కోసం కూడబెట్టుకున్న సొమ్ము ఆ ఆపరేషన్‌కు పెట్టాలా వద్దా అన్నదే ఆమె నిద్రను దూరం చేసిన ప్రశ్న.

ఈ ప్రశ్న ఒక్క మా ఖాలాది కాదు. ములుగు నుండి హనుమకొండకు దాదాపు 50 కిలోమీటర్లు. ఏటూరునాగారం, మంగపేట, వాజేడు వైపు కుటుంబాలకు ఆ దూరం ఇంకా ఎక్కువ. పెద్ద పరీక్ష అంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు, తోడు వచ్చే మనిషి, కొన్ని వేల రూపాయల ఖర్చు. అందుకే ఈ పరీక్ష ఏమి చూపుతుందో, ఏమి చూపలేదో ప్రతి ఇంటివారూ తెలుసుకోవడం అవసరం.

ఎక్స్‌రేలో ప్రధానంగా ఎముకలు కనిపిస్తాయి. ఎముకల మధ్య ఖాళీ ఎంత తగ్గిందో, అంచుల్లో ఎముక ఎంత పెరిగిందో అందులో తెలుస్తుంది. మోకాలిలో ఎముకలే కాదు, తొడ ఎముకను పిక్క ఎముకతో బంధించే లిగమెంట్లు, ఎముకల కొసలను కప్పి ఉంచే నున్నని మృదులాస్థి, బరువును పంచే రెండు మెనిస్కస్‌లు కూడా ఉంటాయి. మెనిస్కస్ అంటే గ్రీకు భాషలో చిన్న నెలవంక అని అర్థం. ఆకారం కూడా అలాగే ఉంటుంది. ఈ మెత్తని భాగాలను స్పష్టంగా చూపేది ఎం.ఆర్.ఐ. బలమైన అయస్కాంతం, రేడియో తరంగాల సాయంతో శరీరంలోని హైడ్రోజన్ నుండి వచ్చే సంకేతాలను గ్రహించి యంత్రం చిత్రాలు తయారుచేస్తుంది. ఇందులో ఎక్స్‌రే కిరణాల ప్రమేయం ఉండదు. ఈ పరిజ్ఞానానికి పునాది వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే ఇంత సూక్ష్మంగా చూడగలగడమే ఒక్కోసారి చిక్కు తెచ్చిపెడుతుంది. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 50 నుండి 90 ఏళ్ల వయస్సు గల 991 మంది మోకాళ్లకు ఎం.ఆర్.ఐ. తీసిన అధ్యయనం 2008లో వెలువడింది. వారిలో 35 శాతం మందికి మెనిస్కస్ దెబ్బతిని ఉంది. అలా దెబ్బతిన్నవారిలో 61 శాతం మందికి గడచిన నెల రోజుల్లో ఆ మోకాలిలో నొప్పి గాని, బిగువు గాని లేవు! అంటే వయస్సుతో తల నెరిసినట్లే మెనిస్కస్ కూడా అరుగుతుంది. రిపోర్టులో చిరుగు కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణమని చెప్పలేము. ఫిన్లాండ్‌లో అరుగుదల వల్ల మెనిస్కస్ చిరిగిన 146 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు చిరిగిన ముక్కను కత్తిరించారు. రెండో జట్టుకు ఆపరేషన్ చేసినట్లు కనిపించేలా మాత్రమే చేశారు. ఏడాది తరువాత చూస్తే ఇరువురి ఉపశమనంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2013లో ప్రకటించారు.

మేము ఖాలాను మరొక ఎముకల వైద్యుని వద్దకు తీసుకువెళ్లాము. ఆయన ముందుగా మోకాలిని చేత్తో వంచి, తిప్పి, నడిపించి చూశారు. తరువాత నిలబెట్టి ఎక్స్‌రే తీయించారు. పడుకోబెట్టి తీస్తే బరువు పడినప్పుడు కీలు ఎంత కుంచించుకుపోతుందో తెలియదు. "ఇది కీళ్ల అరుగుదల. మొదట ఈ ఎక్స్‌రే ఒక్కటే సరిపోయేది. ఇప్పుడు ఆపరేషన్ అక్కరలేదు" అన్నారు. తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు నేర్పారు. కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, అయిదు లెక్కపెట్టేంతసేపు కిందికి నొక్కి వదలాలి. రోజూ కొంత నడవాలి, బరువు తగ్గించుకోవాలి, నేలమీద బాసింపట్టు మానాలి.

నమాజు విషయంలో ఆమెకు ఇంకా మనస్తాపం ఉండేది. మొలల వ్యాధితో బాధపడిన సహాబీ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు నిలబడి, అది చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయమని దైవప్రవక్త (స) బోధించిన విషయం బుఖారీలో ఉందని మేము గుర్తుచేశాము. కుర్చీలో ఎలా చేయాలన్న వివరాలు ఆలిములను అడిగి తెలుసుకున్నారు. ఆమె ముఖంలో కనిపించిన నిశ్చింత ఏ మందుతోనూ వచ్చేది కాదు.

ఇంతమాత్రాన ఎం.ఆర్.ఐ. వృథా అని పాఠకులు భావించరాదు. అదే ఇంట్లో రెండో ఉదాహరణ ఉంది. ఖాలా మనవడికి 19 ఏళ్లు. కబడ్డీ ఆడుతూ కాలు మెలితిరిగి పడ్డాడు. 'టక్' మన్న శబ్దం వినిపించిందన్నాడు. గంట రెండు గంటల్లో మోకాలు బాగా వాచింది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలింది. "ఎముక బాగుంది కదా" అని అందరమూ నిశ్చింతగా ఉండిపోయాము. నాటువైద్యుని కట్టు కట్టించాము. వాపు తగ్గింది గాని, మెట్లు దిగుతుంటే మోకాలు జారిపోయేది. కొన్నాళ్లకు వంచిన కాలు చాపలేక బిగుసుకుపోయింది. ఎనిమిది నెలల తరువాత తీసిన ఎం.ఆర్.ఐ.లో ఏసీఎల్ అనే లిగమెంటు పూర్తిగా తెగిందని, మెనిస్కస్ చిరిగి మడతపడిందని తెలిసింది. తొలినాళ్లలో వస్తే మెనిస్కస్‌ను కుట్టి నిలిపే ప్రయత్నం చేసేవారమని, ఇప్పుడు కొంత భాగం తీసివేయక తప్పదని సర్జన్ చెప్పారు. ఈ ఆలస్యం మాదే. నానీ విషయంలో తొందరపడిన ఇల్లే మనవడి విషయంలో అలసత్వం చూపింది.

కాబట్టి గుర్తుంచుకోవలసినది ఇది: గాయమైన కొద్ది గంటల్లోనే మోకాలు వాచినా, నడుస్తుంటే జారిపోతున్నా, వంచిన కాలు చాపలేకపోయినా, ఎక్స్‌రే బాగున్నా నొప్పి వదలకపోయినా ఎం.ఆర్.ఐ. గురించి వైద్యుని తప్పక అడగాలి. రాత్రివేళ తీవ్రమయ్యే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా ఉపేక్షించరాదు. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడా వస్తే స్కానింగ్ కోసం ఎదురుచూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కీలులో చీము పట్టి ఉండవచ్చు.

వైద్యుడు ఎం.ఆర్.ఐ. రాస్తే రెండు ప్రశ్నలు మర్యాదగా అడగండి: "మీరు దేనిని అనుమానిస్తున్నారు? ఫలితాన్ని బట్టి చికిత్స మారుతుందా?" మారదంటే ఆ పరీక్ష కొంతకాలం ఆగవచ్చు. గాయం ఎలా తగిలిందో చీటీలో రాయించండి. చిత్రాలు చదివే వైద్యునికి అది తోడ్పడుతుంది. రిపోర్టుతో పాటు ఫిల్ములు కూడా భద్రపరచండి.

పరీక్షకు సుమారు అరగంట కదలకుండా పడుకోవాలి. యంత్రం పెద్దగా శబ్దం చేస్తుంది, భయపడవద్దు. మోకాలి పరీక్షలో సాధారణంగా కాళ్లే ముందు లోపలికి వెళతాయి. సోదరీమణులు హిజాబ్ పిన్నులు, నగలు, గాజులు, హుక్కులున్న దుస్తులు తీసివేయాలి. పిన్ను లేని సాదా దుపట్టా వెంట ఉంచుకుంటే ఇబ్బంది ఉండదు. మహిళా సిబ్బంది కావాలని ముందే అడగవచ్చు. జబ్బకు కట్టిన తావీజు రేకైనా సరే లోహమే, అదీ విప్పాలి. గుండెలో పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, కంటిలో ఇనుప రజను ఉన్నవారు, గర్భవతులు ముందుగానే చెప్పి తీరాలి.

ప్రతి వ్యాధికీ అల్లాహ్ చికిత్సను సృష్టించాడన్నది మన విశ్వాసం. ఆ చికిత్సను తగిన వేళకు, తగిన వారికి అందించే బాధ్యత మనది. ఖాలా ఉమ్రా సొమ్ము భద్రంగా ఉంది. మనవడు ఆపరేషన్ తరువాత ఇంకా వ్యాయామాలు చేస్తున్నాడు. అతని కోసం దుఆ చేయండి.