లజ్జ పేరిట మౌనము వలదు

కండ్లకలక వచ్చినచో పదిమందికి చెప్పుకొందుము. రొమ్ముపై పుండు లేచినచో కన్నతల్లికైనను చెప్పము. లజ్జ యనండి, హయా యనండి, అది సద్గుణమే. కాని వ్యాధిని దాచుట ఆ సద్గుణములో భాగము కాదని మా అభిప్రాయము.

వైద్యులు ‘డిఫ్యూజ్ డెర్మల్ ఆంజియోమటోసిస్’ అని పిలుచు అరుదైన చర్మవ్యాధి యొకటి ఉన్నది. ఈ పేరు వైద్యసాహిత్యములోనికి 1994లో వచ్చినది. చర్మమునకు రక్తము, దానితో ప్రాణవాయువు చాలినంత అందనప్పుడు, ఆ లోటు తీర్చుకొనుటకో యన్నట్లు చర్మపు లోపొరలో సన్నని రక్తనాళములు మితిమీరి పెరుగును. పైకి ఎరుపు, ఊదా రంగు మచ్చలు, వలవంటి చారలు కనిపించును. కొందరిలో అవి మిక్కిలి బాధపెట్టు పుండ్లగును. ఇది కాళ్ళపై వచ్చుట కలదు. స్త్రీలలో రొమ్ముపై, ముఖ్యముగా బరువైన రొమ్ములపై వచ్చుటయు కలదు. పొగాకు, స్థూలకాయము, రక్తపోటు, మధుమేహము, రక్తనాళములు పూడుకొనుట దీనికి తోడ్పడును.

ఇది క్యాన్సరు కాదు. అయితే రక్తనాళముల క్యాన్సరు కూడ ఇంచుమించు ఇట్లే కనిపించవచ్చును. ఆ భేదమును కంటిచూపు తేల్చలేదు. చర్మపు చిన్న ముక్కను తీసి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించవలెను. ఆకుపసరులతో, పూతలతో కాలము గడుపు స్త్రీ అనవసరముగా భయపడుచుండవచ్చును. లేదా భయపడవలసిన వేళ ఊరకుండవచ్చును. రెండును నష్టమే.

పొగ త్రాగుట పురుషుల అలవాటు గదా యని కొందరందురు. శ్రీకాకుళము, విశాఖ ప్రాంతపు పల్లెలలో చుట్ట నిప్పుకొసను నోటిలోపల నుంచి ‘అడ్డపొగ’ త్రాగు స్త్రీలను ఎరుగనివారే అట్లనగలరు. పొగ మానిన పిదప ఈ పుండ్లు మానిన రోగులున్నారు. కొందరికి మందులు, మరికొందరికి రొమ్ము బరువు తగ్గించు శస్త్రచికిత్స మేలు చేసినవి.

ఇంత అరుదైన వ్యాధి గొడవ మనకేల యని అడుగవచ్చును. అరుదైనది వ్యాధియే గాని, దానిని దాచు అలవాటు కాదు. విద్యార్థినులారా, మానని పుండును, మారిన చర్మపు రంగును వైద్యురాలికి చూపుడు. ఇంట తల్లికి, వదినకు ఈ మాట చెప్పుడు. విద్యార్థులారా, ఇంటి స్త్రీలు ఆసుపత్రికి పోవలెనన్నప్పుడు కారణము గుచ్చి గుచ్చి అడుగక తోడు వెళ్ళుడు. కళాశాల కమిటీవారు ఏటేట ఒక వైద్యురాలిని రప్పించి, విద్యార్థినులకు, వారి తల్లులకు ఉర్దూ, తెలుగు భాషలు రెంటను ప్రసంగము ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాము. దీనికి కావలసినది పెద్ద ధనము కాదు; ఒక పూట, ఒక గది, కొంచెము ధైర్యము.