దడకు మాత్ర రాసేముందు

దవడ కింద, మెడ పక్కన నొప్పిలేని గడ్డ. వేలితో నొక్కితే పక్కలకు కదులుతుంది, పైకీ కిందికీ కదలదు. మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని రెండుగా చీలేచోట, రక్తంలో ఆక్సిజన్‌ను కనిపెట్టుకుని ఉండే బియ్యపుగింజంత అవయవంలో పుట్టే కణితి ఇది. పారాగాంగ్లియోమా అంటాం.

తల, మెడల్లో వచ్చే ఈ కణితులు చాలావరకు హార్మోన్లు వదలవు. నా భయమంతా ఆ ‘చాలావరకు’ దగ్గరే. దాన్ని ‘ఎప్పుడూ’ అని చదువుకుంటే పరీక్ష మానేస్తాం. కొద్దిమందిలో ఈ కణితి నారడ్రినలిన్ వదులుతుంది. ఎస్‌డీహెచ్‌డీ జన్యువులో లోపం ఉన్నవాళ్లకైతే మెడలో ఒకటి, కడుపులో ఇంకొకటి ఉండొచ్చు. మెడది ఊరుకున్నా కడుపులోది ఊరుకోకపోవచ్చు.

అలాంటి మనిషి తలపోటు, చెమటలు, గుండెదడ అంటూ వస్తాడు. బీపీ ఎక్కువ. దడ అనగానే మన చెయ్యి ప్రొప్రనలాల్ అనే బీటా బ్లాకర్ రాయబోతుంది. అక్కడే ఆగాలి. నారడ్రినలిన్, అడ్రినలిన్ రక్తనాళాలను ఆల్ఫా గ్రాహకాల ద్వారా బిగిస్తాయి. బీటా గ్రాహకాలు కొన్నిచోట్ల వాటిని వదులు చేస్తాయి. ముందు బీటాను మూసేస్తే బిగింపు ఒక్కటే మిగులుతుంది. బీపీ ఒక్కసారిగా ఎగసి, గుండె ఆ బరువు మోయలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. లాబెటలాల్‌లో ఆల్ఫా గుణం ఉందిగా అనుకోవద్దు, అందులో బీటాదే పైచేయి.

ముందు బీటా ఇచ్చి ఏమవుతుందో చూసే ట్రయల్ ఎవరూ చేయరు, చేయకూడదు కూడా. ఈ హెచ్చరికకు ఆధారం శరీరధర్మం, అలా దెబ్బతిన్న రోగుల కేసులు. 2014 ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే: హార్మోన్లు వదిలే కణితిని తీసే ఆపరేషన్‌కు ముందు 7 నుంచి 14 రోజులు ఆల్ఫా బ్లాకర్, దాంతోపాటు ఉప్పు, నీళ్లు ఎక్కువగా. దడ ఇంకా ఉంటే ఆ తర్వాతే బీటా. ఆల్ఫాల్లో ఏది మేలన్నది వేరే చర్చ. 2020లో వెలువడిన నెదర్లాండ్స్ ట్రయల్‌లో 134 మందికి ఫినాక్సీబెంజమిన్ గానీ డాక్సాజోసిన్ గానీ ఇచ్చి చూస్తే, ఆపరేషన్‌లో బీపీ హద్దు దాటి గడిపిన సమయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మందుల వరుస మీద మాత్రం చర్చ లేదు.

ఈ మందులేవీ కణితిని కరిగించవు. ఆపరేషన్ బల్ల మీద ప్రాణానికి కాపలా కాస్తాయి, అంతే.

డాక్టర్లకు నా మనవి ఒక్కటే: మెడలో ఇలాంటి గడ్డ కనిపిస్తే సూది గుచ్చకముందే, ఈ హార్మోన్ల జాడ చూపే ప్లాస్మా మెటానెఫ్రిన్ల పరీక్ష రాయండి. ఆ ఫలితం చేతికొచ్చేదాకా దడకు బీటా మాత్ర రాయకండి.