మేలుకోటలోని కవిగృహము

మేలుకోట యనగా మీది కోట. మండ్య జిల్లాలోని యీ పుణ్యక్షేత్రమునకు చెలువనారాయణస్వామి వైరముడి యుత్సవమున బెంగుళూరునుండి పోవు ఆంధ్రులు పెక్కురు. కల్యాణిని దర్శించి, కొండమీది యోగనరసింహుని సేవించి, పులిహోర ప్రసాదముతో మరలివచ్చువారిలో ఆ గ్రామవీధిలోని యొక పాత యింటిని చూచివచ్చువా రెందరు?

అది పు. తి. నరసింహాచార్యులవారి గృహము. 1905లో మేలుకోటలోనే జనించి, 1998లో పరమపదించిన యీ మహాకవి యింటిభాష తమిళము, కావ్యభాష కన్నడము. 'హంసదమయంతి' మొదలగు రూపకములకుగాను 1966లో సాహిత్య అకాడమీ వారిని సత్కరించెను. ఆ గృహము స్మారకముగా నిలుపబడుట సంతోషకరము. కాని యిల్లొక్కటి నిలిచి వీధియంతయు మారినచో నిలిచినదేమి? కవి యెరిగిన అరుగులును, గుడికి పోవు బాటయు లేని గృహము పుటలు చినిగిన పుస్తకమునకు అట్టవంటిది.

ఈ విషయమున శాసనముపై భారము వేసి యూరకుండ వలనుపడదు. 1958వ సంవత్సరపు ప్రాచీన కట్టడముల శాసనము నూరేండ్లకు తక్కువకానివై, జాతీయ ప్రాముఖ్యము గలవని ప్రకటింపబడిన వానినే రక్షించును. కోటగోడలకును గోపురములకును అది చాలునేమో. సామాన్య గృహముల వరుసకు చాలదు. కూల్చివేసిన పిదప న్యాయస్థానమున కేగుటవలన గోడలు తిరిగి లేవవు.

ఇది కన్నడిగుల పని, మనకేమని కొంద రనవచ్చును. వారికి మేము బెంగుళూరు నాగరత్నమ్మగారిని జ్ఞప్తికి తెచ్చుచున్నాము. కన్నడదేశమున పుట్టిన ఆమె, తమిళదేశమున కావేరీతీరమందు శిథిలమైయుండిన తెలుగు వాగ్గేయకారుని సమాధిని తన యార్జితము వెచ్చించి యుద్ధరించెను. త్యాగరాజస్వామి యే భాషవాడని ఆమె యడుగలేదు. నేడు తిరువయ్యారున మనము చేయు ఆరాధన యాయమ ఋణమే.

ఆ ఋణము తీర్చుకొనుటకు మార్గము చేరువనే యున్నది. బెంగుళూరి ఆంధ్ర న్యాయవాదులు, ఇంజనీర్లు, వైద్యులు తమ యాత్రలో ఒక గడియ ఆ గృహమున గడుపవలెను. వీధినంతటిని రక్షితప్రాంతముగా పరిగణింపుడని ప్రభుత్వమునకు విజ్ఞాపనమంపుటలో కన్నడ సోదరులకు తోడుపడవలెను. పాత యింటిని పడగొట్టక బాగుచేసికొన దలచు గృహస్థునకు ఇంజనీరు సలహాయు, కొంత ధనసహాయమును లభించినచో సగము పని నెరవేరినట్లే. పరభాషాప్రాంతమున తరతరములుగా నివసించుచున్న మనకు, ఇరుగుపొరుగువారి కవిగృహమును కాపాడుట మన యింటిపనియే యని మా దృఢవిశ్వాసము.