అమ్మువాని మౌనము

ఇల్లు కొనువాడే సమస్తమును విచారించుకొనవలెనట. అమ్మువాడు నోరు విప్పవలసిన పని లేదట! మన పట్టణములలో మధ్యవర్తులు మొదలు పెద్దమనుష్యుల వరకు ఈ మాటను వేదవాక్యమువలె వల్లించుచున్నారు. ఇది మన చట్టము కాదు. చట్టమని చెప్పువారు దానిని చదివియుండరు, లేదా చదివియు దాచుచున్నారు.

1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టములోని 55వ సెక్షనును తెరచి చూడుడు. ఆస్తియందుగాని, తన హక్కునందుగాని గల ముఖ్యమైన లోపము తనకు తెలిసియుండి, కొనువానికి తెలియక, సామాన్యమైన జాగ్రత్తచే అతడు కనుగొనజాలనిదైనచో, దానిని వెల్లడించుట విక్రేత విధి. వెల్లడింపకుండుట మోసమని ఆ సెక్షనే పలుకుచున్నది. ఇంటి గోడల లోపముల విషయమున కొనువానినే జాగ్రత్తపడుమనుట ఇంగ్లండు సూత్రము. పరప్రభుత్వము మనకు చేసిన శాసనము సైతము ఆ సూత్రమును దాటి ముందుకు పోయినది. స్వరాజ్యము వచ్చి ఇన్నేండ్లయినను మనవారు ఆ పాత సూత్రమునే పట్టుకొని వ్రేలాడుచున్నారు!

“ఈ.సి. తీసికొనవచ్చును గదా?” యందురు. ఈ.సి.లో కనబడునవి రిజిస్టరైన వ్యవహారములు మాత్రమే. అన్నదమ్ముల నోటి తగవులు, రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, వానకాలమున కారు కప్పు, సున్నము పూసి కప్పిన గోడబీట అందు కానరావు. అవి ఎరిగినవాడు ఆ ఇంట కాపురమున్నవాడే.

ఇక దస్తావేజు సంగతి. 55వ సెక్షను విధించిన బాధ్యతను ఒప్పందముచే మార్చుకొనవచ్చును. కనుక “ఆస్తిని పూర్తిగా పరిశీలించి తృప్తిపడితిని” అను వాక్యమును లేఖరి అలవాటుగా చేర్చును. కొనువాడు చదువకయే సంతకము చేయును. ఆ వాక్యమే రేపు కోర్టులో విక్రేత చేతి ఆయుధము.

2024లో హైదరాబాదున హైడ్రా చెరువుల హద్దులలోని కట్టడములను కూల్చినప్పుడు ఎందరో కుటుంబీకులు రిజిస్టరైన కాగితములను చేతబట్టుకొని వీధిన నిలిచిరి. చెరువులు దక్కవలసినవే, అందు మాకు వివాదము లేదు. కాని అది చెరువు భూమియని తెలిసియు అమ్మి సొమ్ము చేసికొన్నవారు ఆనాడు ఆ వీధిలో నిలువలేదు.

2016లో వచ్చిన రెరా చట్టము, భూమిహక్కు లోపముచే కలిగిన నష్టమును బిల్డరు పూరింపవలెననియు, ఆ దావాకు కాలపరిమితి అడ్డు రాదనియు శాసించినది. మంచిదే. కాని పాత ఇంటిని అమ్ముకొను సామాన్య గృహస్థునకు అది వర్తింపదు.

కావున బయానా పుచ్చుకొనుటకు పూర్వమే విక్రేత దావాలు, అప్పులు, వారసుల తగవులు, చెరువు హద్దు, కట్టడపు లోపములు వ్రాసి సంతకము చేసిన పత్రము నీయవలెను. అది జతపరచనిదే రిజిస్ట్రేషను జరుగరాదని రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును నిబంధన చేయవలెను. అంతవరకు మా పాఠకులు ఆ పత్రము చేతికి రాక పూర్వము బయానా ఇయ్యకుందురు గాక. ఇయ్య నిరాకరించు విక్రేతను నలుగురి యెదుట కారణ మడుగుడు.