అడవిలో పరుగు మంచిదే... బాట దిగితేనే చిక్కు



వ్యవసాయం పేజీలో పరుగు గోల ఎందుకని కొందరికి అనిపించవచ్చు. పై వీడియోలో గుట్ట మీది బాటను ఒకసారి చూడండి, మీకే అర్థమవుతుంది. తారురోడ్డు వదిలేసి గుట్టల్లో, అడవి దారుల్లో పరుగెత్తడాన్ని ట్రైల్ రన్నింగ్ అంటున్నారు. ఇప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల, వికారాబాద్ అనంతగిరి గుట్టల దాకా ఈ పరుగువాళ్లు కనిపిస్తున్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. అడవిలో పరుగెత్తడం తప్పు కాదు. ఉన్న బాట దిగి పక్కన తొక్కడం తప్పు. ఈ మాట గట్టిగా చెప్పాల్సింది మనమే. ఆ పక్కనున్న మట్టి విలువ మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

మనం పొలంలో ఏళ్ల తరబడి కష్టపడి తెచ్చుకునేది అక్కడ ఊరికే ఉంది. రాలిన ఆకే ఆచ్ఛాదన. దాని కింద వానపాములు, శిలీంధ్రాలు, చెదలు. గాలీ తేమా కలిసి ఉండే వాఫస. దుక్కి లేదు, ఎరువు లేదు. తంగేడు, మోదుగ, రేల, పాలకొడిసె, వావిలి ఎవరూ నీళ్లు పోయకుండానే నిలబడ్డాయి. అలాంటి నేల మీద బూటు కాలు పడితే ఏమవుతుంది? మట్టి రేణువుల మధ్య ఉన్న ఖాళీలు మూసుకుపోతాయి. నీరు ఇంకదు, వేరు దిగదు, పడిన గింజ మొలవదు. ట్రాక్టర్ చక్రం పోయిన జాడలో పైరు ఎలా గిడసబారుతుందో మనం చూడలేదా?

ఇక్కడ ఒక కిటుకు ఉంది. నష్టంలో ఎక్కువ భాగం తొలి కొన్ని తొక్కుళ్లలోనే జరిగిపోతుంది. ముందే గట్టిపడిన బాట మీద ఇంకో వందమంది పోయినా కొత్తగా చెడేది తక్కువ. అదే వందమంది తలా ఒక దారి పట్టారంటే వంద చోట్ల నేల చస్తుంది. అందుకే "అందరూ ఒకే బాటలో, ఒకరి వెనక ఒకరు" అన్నదే అసలైన సూత్రం.

వానాకాలంలో ఇది ఇంకా ముఖ్యం. పదును చూడకుండా బురదలో నాగలి కడతామా? కట్టం, పెడ్డలు లేస్తాయని తెలుసు. కానీ పరుగువాళ్లు బురద గుంట కనబడగానే పక్కనున్న గడ్డి మీదుగా పోతారు. వెనకవాళ్లు ఇంకాస్త పక్కగా పోతారు. మా ఊరి గుట్ట మీద జానెడు కాలిబాట రెండేళ్లలో ఎడ్లబండి పట్టేంత వెడల్పయింది ఇలాగే. బూట్లు తడిస్తే సాయంత్రానికి ఆరతాయి. ఆ నేల ఆరదు, మళ్లీ గుల్లబారడానికి ఏళ్లు కావాలి.

ఇక రెండో సంగతి కలుపు. వయ్యారిభామ ఒక్క మొక్క పదిహేను వేలకు పైగా గింజలు రాలుస్తుంది. చాలా చిన్నవి, బూటు అడుగున బురదలో అంటుకుని ఎంత దూరమైనా పోతాయి. ఈ మొక్క మన దేశానిది కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చి 1950ల నుంచి ఇక్కడ వ్యాపించింది. దట్టంగా చెట్లున్న చోట దాని ఆట సాగదు. తొక్కి బోడి చేసిన నేల దొరికితే మాత్రం వదలదు. మా గుట్ట బాటకు ఇరుపక్కలా ఇప్పుడు అదే. వానొస్తే ఆ గింజ దిగేది కింద ఉన్న మా చెలకలోకే. కలుపు మందు కొట్టని మాలాంటి వాళ్లకు అది కూలి ఖర్చు, నడుం నొప్పి.

అయితే పరుగును పూర్తిగా ఆపేయాలా? నేను ఒప్పుకోను. హైదరాబాద్ నడిబొడ్డున కేబీఆర్ పార్కు ఉంది. సుమారు 350 ఎకరాలు, 1998లో జాతీయ పార్కుగా ప్రకటించారు. 2016లో దాని చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టే ప్రతిపాదన వచ్చినప్పుడు అడ్డుపడినవాళ్లలో రోజూ అక్కడ నడిచేవాళ్లూ ఉన్నారు. కాలు పెట్టిన చోటు మీదే మనిషికి మమకారం పుడుతుంది. మనుషుల్ని గేటు బయటే నిలబెడితే, రేపు ఆ అడవి పోయినా అడిగేవాడుండడు.

పరుగువాళ్లకు నేను చెప్పేది ఇంతే:

1. ఇంటి దగ్గరే బూట్లు, సాక్సులు శుభ్రంగా దులుపుకుని రండి. వెళ్లేటప్పుడూ అడుగున మట్టి గీకేయండి.
2. బురదైనా బాట మధ్యలోంచే పోండి. అడ్డదారులు వద్దు.
3. నేల మెత్తబడిన వాన రోజుల్లో పోటీలు పెట్టకండి.
4. ఎండాకాలంలో తీతువు పిట్ట నేల మీదే గుడ్లు పెడుతుంది. అచ్చం గులకరాళ్లలా ఉంటాయి. బాట దిగితే కనబడకుండానే కాలి కింద పడతాయి.

మన రైతులకూ ఒక మాట. జీవామృతంలో వేసే పిడికెడు మట్టి కోసం, కషాయాల ఆకు కోసం కొందరు రక్షిత అడవుల వైపు చూస్తున్నారు. వద్దండీ. జాతీయ పార్కుల నుంచి, అభయారణ్యాల నుంచి అనుమతి లేకుండా మొక్కలు తేవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అయినా మన గట్టు మీది మట్టి, పాత చెట్టు నీడలోని మట్టి చాలు కదా.

అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది చూపు మాత్రమే. పిల్లల్ని తీసుకుని ఆ బాటల్లో నడవండి. ఏ చెట్టు రాతినేలలో నిలిచింది, దేని పూల మీద తేనెటీగలు వాలాయి, దేని నీడలో ఏ మొక్క పెరుగుతోంది, అన్నీ గమనించండి. తర్వాత మీ గట్ల మీద తంగేడు, కానుగ, మోదుగ, వావిలి పెట్టండి. విత్తనం ఊళ్లోనే, రోడ్డు పక్క చెట్ల కిందే దొరుకుతుంది.

మీ ఊరి దగ్గర గుట్ట మీదకు పరుగువాళ్లు వస్తుంటే కోపంగా తరమకండి. వీడియోలో చూపినట్టు బాట అంచున రాళ్లు వరసగా పేర్చి, "ఇక్కడి దాకే అన్నా" అని చెప్పండి. ఎందుకో వివరిస్తే వింటారు.