పిల్లలను ఇంట్లో ఒంటరిగా ఎప్పుడు విడువవచ్చు?



కపిలేశ్వరపురం వంటి గోదావరి ఒడ్డు గ్రామాలలో నాట్లు, కోతలు వచ్చాయంటే తల్లిదండ్రులిద్దరూ పొద్దున్నే చేలకు వెళ్లవలసినదే. కొన్ని ఇండ్లలో తల్లి కువైట్‌లో ఉంటుంది. “పిల్లవానికి ఎన్నేళ్లు వస్తే ఇంట్లో ఒంటరిగా ఉంచవచ్చు?” అని ఎందరో తల్లులు అడుగుతుంటారు.

మన దేశ చట్టం ఇందుకు వయస్సు నిర్ణయించలేదు. కాని పిల్లలను బాధకు గురిచేసేలా కావాలని నిర్లక్ష్యపెట్టుట 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం నేరము. అందుచేత నిర్ణయమూ మనదే, బాధ్యతా మనదే.

నిర్గమకాండము 2వ అధ్యాయము చూడండి. నది ఒడ్డున జమ్ములో ఉన్న పసివాడైన మోషేను అతని అక్క దూరము నుండి కనిపెట్టుచున్నది. ఆమె వయస్సు అక్కడ వ్రాయబడలేదు. ఆమె చేసిన పని వ్రాయబడినది. తమ్మునిపై నుండి చూపు మరల్చలేదు. ఫరో కుమార్తెతో తడబడక మాట్లాడినది. వెంటనే వెళ్లి తల్లిని పిలుచుకొని వచ్చినది. పిలిస్తే వచ్చేంత దగ్గరలోనే తల్లి ఉన్నది.

మన పిల్లలనూ అలాగే పరీక్షించుదము. అమ్మానాన్నల ఫోను నంబరు కంఠతా వచ్చునా? ఆపదలో 112, అంబులెన్సుకు 108, పిల్లల సహాయానికి 1098 అని తెలుసునా? గ్యాసు పొయ్యి ముట్టవద్దంటే ముట్టకుండునా? కాలువ గట్టుకు వెళ్లవద్దంటే, స్నేహితులు పిలిచినా ఆగునా? నీట మునిగే బిడ్డ చాలాసార్లు కేక కూడా వేయలేదు. భయం వేస్తే ఏ పొరుగింటికి పరుగెత్తాలో తెలుసునా? ఇందులో ఒక్కటి లేకపోయినా ఇంకా సమయము రాలేదు. అన్నీ ఉంటే మొదట అరగంట ఉంచి, తిరిగి వచ్చి ఏమి జరిగిందో నెమ్మదిగా అడగండి.

ఇంకొక మాట చెప్పక తప్పదు. పిల్లలకు కీడు చేసేవారు చాలాసార్లు తెలిసినవారే. బంధువైనా, సంఘస్థుడైనా, మనము ముందుగా చెప్పని మనిషికి తలుపు తీయవద్దని నేర్పండి. బిడ్డ ఏదైనా చెబితే కసరక వినండి.

తమ్ముణ్ణి చూచుకొనుటకని ఆడపిల్లను బడి మాన్పించుట మాత్రము తగదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ల వారందరికీ చదువును హక్కుగా ఇచ్చినది. 3 నుండి 6 ఏళ్ల వారికి అంగన్‌వాడీ ఉన్నది. మోషే అక్కయైన మిర్యాము తరువాత ప్రవక్త్రి అయినది. మన ఆడపిల్లల కొరకు దేవుడు ఏమి దాచియుంచాడో మనకు తెలియదు.

సంఘములకు ఒక మనవి. నాట్ల రోజులలో బడి విడిచిన వేళ నుండి చీకటి పడేవరకు గుడి వరండాలో ఇద్దరు పెద్దలు కలిసి కూర్చుంటే, ఎందరో తల్లులు నిశ్చింతగా పని చేసుకోగలరు. ఈ ఆదివారము ఆరాధన తరువాత ఈ సంగతి మాట్లాడుకొనండి.

ప్రభువు మీ బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.